వ్యోమనౌకలో ఏ తీగ ఉండాలి, ఏది పోవాలి



2008 ఏప్రిల్ 28 ఉదయం 9 గంటల 24 నిమిషాలకు శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ9 రాకెట్ బయలుదేరింది. ఒక్క రాకెట్ మీద పది ఉపగ్రహాలు. వాటిలో పెద్దది మన కార్టోశాట్-2ఏ, అందరి చూపూ దాని మీదే ఉండటం సహజం. మిగిలిన వాటిలో రెండు కిలోల పైచిలుకు బరువున్న ఒక బుల్లి ఉపగ్రహం ఉంది. పేరు డెల్ఫీ-సీ3. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థులు తయారుచేశారు. ఈ రోజు నేను చెప్పబోయే విషయానికి ఆ ఉపగ్రహం మంచి ప్రవేశద్వారం.

చాలా ఉపగ్రహాలకు సూర్యుడు ఏ దిక్కున ఉన్నాడో తెలియాలి. అది చెప్పే చిన్న పరికరాన్ని సన్ సెన్సర్ అంటారు. మామూలుగా దానికి రెండు రకాల తీగలు కావాలి. కరెంటు తెచ్చే తీగ ఒకటి, కొలత తీసుకెళ్లే తీగ మరొకటి. డెల్ఫీ-సీ3లో రెండు కొసలా పెట్టిన సన్ సెన్సర్లకు ఈ రెండూ లేవు. ఒక్కో సెన్సర్ నెత్తిన దాని సొంత సౌరఘటం ఉంది, లోపల చిన్న రేడియో ఉంది. ఎండ తగిలితే కరెంటు పుడుతుంది, సెన్సర్ మేలుకుంటుంది, సూర్యుడి దిక్కు కొలిచి ఆ అంకెలను రేడియోలో ఉపగ్రహం లోపలి కంప్యూటరుకు పంపుతుంది. నీడలోకి పోతే మూగబోతుంది. సూర్యుడే లేనప్పుడు సూర్యుడి దిక్కుతో పనేముంది? నెదర్లాండ్స్‌కే చెందిన టీఎన్‌ఓ పరిశోధన సంస్థ రూపొందించిన ఈ సెన్సర్ కక్ష్యలో పనిచేసింది. ఆ ఉపగ్రహం 2023 నవంబరులో భూవాతావరణంలో కాలిపోయేదాకా, పదిహేనేళ్లకు పైగా భూమి చుట్టూ తిరిగింది.

మూరెడు పొడవు కూడా లేని ఉపగ్రహంలో జానెడు తీగ తీసేయడానికి ఇంత తాపత్రయం ఎందుకని అనిపించవచ్చు. ఆ జానెడు తీగ వెనక ఎంత చాకిరీ ఉంటుందో తెలిస్తే అలా అనిపించదు.

ఉపగ్రహంలోని తీగల కట్టలన్నిటినీ కలిపి ఇంజనీర్లు హార్నెస్ అంటారు. బొమ్మల్లో కనిపించే ఉపగ్రహానికి బంగారు రంగు దుప్పటి, రెక్కల్లాంటి సౌరఫలకాలు, గొడుగులాంటి యాంటెన్నా ఉంటాయి. ఆ దుప్పటి తీసి, పక్క పలకలు విప్పి చూస్తే ముందుగా కంటికి తగిలేది హార్నెస్. చేతి మణికట్టంత లావు కట్టలు మూలమూలలా పాకి ఉంటాయి. ఇంధనం తీసేసి తూస్తే ఉపగ్రహం బరువులో నూటికి ఐదు నుంచి పది పాళ్లు ఈ తీగలదే. అంటే వెయ్యి కిలోల ఉపగ్రహంలో యాభై నుంచి వంద కిలోలు. ఆ బరువుకు మరో కెమెరా పెట్టవచ్చు, లేదా ఇంకొన్నేళ్లు పనిచేసేలా అదనపు ఇంధనం నింపవచ్చు.

బరువు ఒక ఎత్తు, శ్రమ మరో ఎత్తు. ఈ హార్నెస్ దాదాపుగా చేతిపనే. ముందుగా ఉపగ్రహం అసలు కొలతలతో ఒక నమూనా చట్రం కడతారు. దాని మీద ఒక్కో తీగనూ పరిచి, వంపులు చూసుకుని, పొడవు కొలిచి కోస్తారు. కొస దగ్గర పైపొర ఒలుస్తారు. లోపలి రాగిపోగు ఒక్కటి తెగినా ఆ కొస పనికిరాదు. ఒలిచిన కొసకు లోహపు పిన్ను తొడిగి నొక్కుతారు, దీన్ని క్రింపింగ్ అంటారు. పట్టు సరిగా ఉందో లేదో లాగి చూస్తారు. పిన్నును కనెక్టర్లో దాని రంధ్రంలోకే దూర్చాలి, పక్క రంధ్రంలోకి పోతే పరికరమే కాలిపోవచ్చు. తర్వాత కట్టను కొద్ది కొద్ది దూరంలో దారంతో బిగించి ముడివేస్తారు. ఆ పైన పరీక్షలు. ఈ కొసన పెట్టిన కరెంటు ఆ కొసన వస్తోందా, పక్క తీగలోకి కారుతోందా అని వేల కొసలకు వేల సార్లు చూడాలి. ఓపికకూ నైపుణ్యానికీ అంతకన్నా పెద్ద పరీక్ష ఉండదు. ఆ పని చేసేవాళ్ల పేర్లు ఏ పత్రికలోనూ రావు. వాళ్ల పట్ల నాకు చాలా గౌరవం.

ఇంత కష్టపడి బిగించాక, ఫలానా చోట ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ ఇంకొకటి ఉంటే బాగుండేదని ఎవరైనా అంటే? ఇల్లంతా కట్టి, సున్నాలు వేసి, రేపు గృహప్రవేశం అనగా ఈ గోడకో స్విచ్చు కావాలంటే మేస్త్రి ముఖం ఎలా మారుతుందో మీకు తెలుసు. ఇదీ అంతే. బరువు కన్నా, ఖర్చు కన్నా తీగలతో నాకు కనిపించే పెద్ద ఇబ్బంది ఇదే. ఆలోచన మారినా తీగ మారదు.

ఇక ప్రమాదం సంగతి. 1967 జనవరి 27న అపోలో-1లో ముగ్గురు వ్యోమగాములు నేల మీదే అగ్నికి ఆహుతయ్యారు. స్వచ్ఛమైన ఆక్సిజన్ నిండిన ఆ గదిలో నిప్పురవ్వ పుట్టింది తీగల దగ్గరేనని విచారణ భావించింది. 1970 ఏప్రిల్‌లో అపోలో-13లో ఆక్సిజన్ ట్యాంకు పేలడానికి మూలం, ట్యాంకు లోపలి ఫ్యాన్ తీగల పైపొర పాడైపోవడం. ఈ రెండూ చాలామందికి తెలిసినవే. అంతగా ఎవరూ చెప్పుకోని మూడో సంఘటన గురించి కొంచెం వివరంగా చెబుతాను.

1999 జులై 23న కొలంబియా షటిల్ పైకి లేచింది. అమెరికా షటిల్‌కు ఒక మహిళ, ఐలీన్ కాలిన్స్, నాయకత్వం వహించడం అదే మొదలు. లోపల చంద్ర ఎక్స్‌రే అబ్జర్వేటరీ ఉంది. మద్రాసులో చదువుకుని నక్షత్రాల అంతిమదశ లెక్కలు తేల్చిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టిన టెలిస్కోపు అది. షటిల్ నేల విడిచి ఐదు సెకన్లయ్యిందో లేదో ఒక విద్యుత్ మార్గంలో షార్ట్ సర్క్యూట్ అయింది. షటిల్‌కు మూడు ప్రధాన ఇంజన్లు, ఒక్కోదానికి రెండేసి కంట్రోలర్లు. షార్ట్ అయిన క్షణంలో మధ్య ఇంజన్‌లో ఒక కంట్రోలర్, కుడి ఇంజన్‌లో ఒక కంట్రోలర్ ఆగిపోయాయి. రెండు ఇంజన్లూ చెరొక కంట్రోలర్ మీద మాత్రమే నడుస్తూ కక్ష్యకు చేరాయి. ఆ మిగిలిన వాటిలో ఏది ఆగినా ఆ ఇంజన్ ఆరిపోయేది. అప్పుడు అత్యవసరంగా దిగే ప్రయత్నం చేయాలి, అలాంటిది షటిల్ చరిత్రలో ఎవరూ చేసి చూడలేదు.

తిరిగి వచ్చాక వెతికితే దొరికిన కారణం ఏమిటి? సరుకు పెట్టే భాగంలో ఒక తీగ. దాని పక్కనే ఒక స్క్రూ. ఆ స్క్రూ తల అంచున సన్నని లోహపు గరుకు. ఏనాడో దానికి రాసుకుని తీగ పైపొర అరిగిపోయి, లోపలి రాగి బయటపడింది. నేల మీద మరమ్మతుల సమయంలోనే ఆ దెబ్బ తగిలి ఉంటుందని నిపుణులు భావించారు. షటిల్‌లో మూడు వందల కిలోమీటర్లకు పైగా తీగలున్నాయి. ఒక్క స్క్రూ గరుకు వల్ల షటిళ్లన్నిటినీ ఆపి, తీగలను పరీక్షించారు. మళ్లీ షటిల్ ఎగిరింది డిసెంబరులో.

అయితే తీగను దోషిగా నిలబెట్టి ఊరుకోవడం న్యాయం కాదు. అదే కొలంబియా నౌక 2003 ఫిబ్రవరి 1న తిరిగివస్తూ ఆకాశంలో ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. పైకి వెళ్తున్నప్పుడు బయటి ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్క అంచుకు తగిలి రంధ్రం చేసింది. తిరుగు ప్రయాణంలో ఆ రంధ్రం గుండా మండే వాయువులు లోపలికి దూరాయి. ఈ సంగతి ఎలా తేలిందో తెలుసా? షటిళ్లలో మొదట కక్ష్యకు వెళ్లింది కొలంబియానే కాబట్టి, పరీక్షల కోసం దాని రెక్కల్లో వందలాది సెన్సర్లు పెట్టి, తీగలు లాగి, ఒక టేపు రికార్డరుకు కలిపారు. ప్రమాదం తర్వాత ఆ రికార్డరు టెక్సస్‌లో హెంప్‌హిల్ ఊరి దగ్గర నేల మీద దొరికింది. టేపు చెడిపోలేదు. ఏ సెన్సర్ తీగ ఏ క్షణాన కాలి తెగిందో వరసగా చూసుకుంటూ వెళ్తే, నిప్పు ఎక్కడ దూరి ఎటు పాకిందో తెలిసింది. కాలిపోతూ కూడా ఆ తీగలు సాక్ష్యం చెప్పాయి. ఆ టేపు గురించి మొదటిసారి చదివినప్పుడు నా మనసు చాలాసేపు కుదుటపడలేదు.

బాధ ఏమిటంటే ఆ టేపు మీది సంగతులు నౌక ఎగురుతుండగా నేలకు చేరే ఏర్పాటు లేదు. రెక్కకు ఎంత దెబ్బ తగిలిందో వ్యోమగాములకూ తెలియలేదు, హ్యూస్టన్ నియంత్రణ కేంద్రంలోని వాళ్లకూ తెలియలేదు. అందుకే మళ్లీ షటిల్ ఎగరాలంటే, రెక్క అంచుకు ఏం తగిలినా వెంటనే తెలిసే ఏర్పాటు ఉండి తీరాలని నిర్ణయించారు. మిగిలినవి మూడు షటిళ్లు, అన్నీ ఏనాడో కట్టినవి. రెక్కల చివరల నుంచి వ్యోమగాముల గదిదాకా కొత్తగా తీగలు లాగాలంటే నౌకనే విప్పాలి.

అక్కడ అక్కరకు వచ్చింది రేడియో. ఒక్కో రెక్క అంచు వెనక 66 ప్రకంపన సెన్సర్లు, 22 ఉష్ణోగ్రత సెన్సర్లు బిగించారు. కొన్ని కొన్ని సెన్సర్లను పక్కనే ఉన్న ఒక చిన్న పెట్టెకు పొట్టి తీగలతో కలిపారు. ఆ పెట్టెలో బ్యాటరీ, మెమరీ, రేడియో ఉన్నాయి. పైకి వెళ్తున్నంతసేపూ సెన్సర్లు సెకనుకు 20,000 సార్లు చొప్పున ప్రకంపనలు కొలిచేవి. అంతా పెట్టెలోనే దాచుకుని, పెద్ద అదురు కనబడిన చోట్ల సారాంశం మాత్రమే రేడియోలో గదిలోని ల్యాప్‌టాప్‌కు చేరవేసేవి. అనుమానం వచ్చిన చోట పూర్తి కొలతలు పంపమని నేల మీది నిపుణులు అడిగి తెప్పించుకునేవారు. 2005 జులై 26న డిస్కవరీ ఈ ఏర్పాటుతోనే ఎగిరింది.

ఇందులో నాకు నచ్చింది ఆ పెట్టెకు ఇచ్చిన కాస్త వివేకం. ఉన్నదంతా గాలిలోకి కుమ్మరించకుండా, ఏది చెప్పాలో ఏది దాచుకోవాలో అది తేల్చుకుంటుంది. తీగ లేకుండా పనిచేయాలనుకునే ఏ పరికరానికైనా అదే మొదటి గుణం, ఎందుకంటే దాని ప్రాణమంతా ఆ చిన్న బ్యాటరీలోనే ఉంది.

ఇప్పుడు ఇబ్బందులకు వద్దాం, అవి చిన్నవి కావు. ఉపగ్రహం అంటే లోహపు పెట్టె. లోపల వదిలిన రేడియో తరంగం గోడ నుంచి గోడకు కొట్టుకుంటూ తిరుగుతుంది. నేరుగా వచ్చిన తరంగమూ, గోడకు తగిలి వచ్చిన తరంగమూ కొన్ని చోట్ల కలిసి బలపడతాయి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి మింగేస్తాయి. మన వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. అందులో సగం, ఆరు సెంటీమీటర్లకో మూగచోటు పడవచ్చు. సెన్సర్‌ను వేలెడు పక్కకు జరిపితే వినిపించేది, ఉన్నచోట వినిపించకపోవచ్చు. అందుకే ఒకే మాటను రెండు మూడు వేర్వేరు పౌనఃపున్యాల మీద పంపడం, రెండేసి యాంటెన్నాలు పెట్టడం లాంటి ఉపాయాలు వాడతారు.

రెండోది, ఉపగ్రహం పనే రేడియో వినడం. నేల నుంచి వేల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చే సంకేతం చాలా బలహీనంగా ఉంటుంది. పక్కనే మన సెన్సర్ల రేడియోలు మోగుతుంటే ఆ వినికిడి చెడకూడదు. విమానాల వాళ్లకూ ఇదే సమస్య వచ్చింది. 2015లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సమావేశంలో, విమానం లోపలి పరికరాలు తమలో తాము మాట్లాడుకోవడానికి 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్ దాకా ఒక పట్టీని కేటాయించారు. ఎత్తు కొలిచే రేడియో ఆల్టీమీటర్లు వాడేదీ ఆ పట్టీనే కాబట్టి, వాటికి అడ్డం రాకూడదన్నది షరతు.

స్పెయిన్ జాతీయ ఏరోస్పేస్ సాంకేతిక సంస్థ ఇంటా ఇంజనీర్లు ఈ గొడవ నుంచి మరో దారిలో తప్పుకున్నారు. రేడియో బదులు పరారుణ కాంతి వాడారు. టీవీ రిమోట్ పంపేది కూడా అలాంటి కాంతే. 2004 డిసెంబరులో ఎగిరిన వాళ్ల నానోశాట్-01లో ఈ ప్రయోగం చేశారు. 2013 నవంబరులో ఎగిరిన ఆప్టోస్ అనే బుల్లి ఉపగ్రహంలో ఇంకో అడుగు ముందుకు వేసి, లోపలి సర్క్యూట్ పలకలు కాంతితోనే సమాచారం ఇచ్చిపుచ్చుకునేలా చేశారు. కాంతి వల్ల రేడియోకు ఆటంకం లేదు, పెట్టె దాటి బయటికి పోదు, ఏ పౌనఃపున్యం అనుమతీ అక్కర్లేదు. అయితే మధ్యలో అడ్డం ఉంటే ఆగిపోతుంది, సూర్యకాంతి చొరబడితే తికమక పడుతుంది. చిన్న ఉపగ్రహాలకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుందని నా అభిప్రాయం. పెద్ద వాటిలో గదులు, గోడలు ఎక్కువ కాబట్టి రేడియోనే మేలు.

తీగ లేకుంటే లాభం మరీ ఎక్కువగా ఉండే చోట్లు కొన్ని ఉన్నాయి. ఒకటి, తిరిగే కీళ్లు. సూర్యుడి వైపు తిరుగుతూ ఉండే సౌరఫలకానికి తీగ నేరుగా కట్టలేం, మెలి పడుతుంది. ఉంగరాల మీద ఒరుసుకుంటూ కరెంటు తీసుకునే స్లిప్ రింగులు పెడతారు. ఫలకం మీది సెన్సర్ల కబుర్లు రేడియోలో వస్తే ఆ ఉంగరాలను కరెంటుకు మాత్రమే ఉంచుకోవచ్చు. రెండు, చలి. 2004లో అంగారకుడి మీద దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లలో ఎలక్ట్రానిక్స్‌ను వెచ్చని పెట్టెలో దాచారు. ఆ పెట్టె నుంచి బయటి చక్రాలకూ చేతికీ వెళ్లే ప్రతి రాగితీగా లోపలి వేడిని బయటికి లాగేసే దారే.

మూడోది మనుషులు ఉండే చోటు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వేల వస్తువులు సంచుల్లో, అరల్లో ఉంటాయి. బరువు తెలియని చోట ఏదీ పెట్టినచోట ఉండదు, ఒక పనిముట్టు కోసం వ్యోమగామి గంటలకొద్దీ వెతకాల్సి వచ్చేది. 2017లో నాసా అక్కడి కొన్ని గదుల్లో రేడియో చీటీలు చదివే యాంటెన్నాలు బిగించింది. వస్తువుకు అతికించిన చీటీలో బ్యాటరీ ఉండదు. యాంటెన్నా పంపిన తరంగం నుంచే శక్తి తీసుకుని తన సంఖ్య చెబుతుంది. పెద్ద షాపుల్లో బట్టలకు తగిలించే చీటీల సూత్రమే.

ఇన్ని చెప్పాక, తీగలన్నీ పీకేయవచ్చా అంటే, వద్దంటాను. కరెంటు తీగ ఉంటుంది. ఒక్కో సెన్సర్‌కూ ఎండ దొరకదు, బ్యాటరీ ఏళ్ల తరబడి నిలవదు. షటిల్ రెక్కల్లోని పెట్టెలు కూడా బ్యాటరీ పొదుపు కోసం కక్ష్యలో ఉన్నంతసేపూ మేలుకుని ఉండలేకపోయాయి. ఇంజన్‌ను ఆపమనే ఆజ్ఞ, రాకెట్ దశను విడదీసే పేలుడు మందుకు నిప్పంటించే ఆజ్ఞ తీగలోనే వెళ్లాలి. అక్కడ మాట ఒక మిల్లీసెకను ఆలస్యమైనా, రెండోసారి పంపాల్సి వచ్చినా సహించలేం. పరాయి సంకేతం చొరబడే వీలు అసలే ఉండకూడదు. ముందుగా పోవాల్సినవి కొలిచి చెప్పే తీగలు. ఉష్ణోగ్రత, ఒత్తిడి, ప్రకంపనం, సూర్యుడి దిక్కు. వీటిలో ఒక కొలత జారిపోయినా మరో క్షణంలో ఇంకొకటి వస్తుంది. సంఖ్యలో చూస్తే ఇవే ఎక్కువ, నౌక మూలమూలలకూ పాకేవీ ఇవే.

ఈ విషయంలో ప్రపంచ అంతరిక్ష సంస్థలు కలిసి కూర్చుని నియమాలు రాసుకుంటున్నాయి. సీసీఎస్‌డీఎస్ అనే ఆ ఉమ్మడి సంఘంలో మన ఇస్రో కూడా పరిశీలక హోదాలో ఉంది. వస్తువుల మీది రేడియో చీటీలకూ, వైఫై, మొబైల్ ఫోన్ల పద్ధతులను అంతరిక్షంలో వాడుకోవడానికీ ప్రమాణాలు ఇప్పటికే వచ్చాయి. ఒక దేశం సెన్సర్ మరో దేశం నౌకలో మాట్లాడాలంటే భాష ఒకటే కావాలి కదా.

2035 నాటికి భారతదేశం సొంత అంతరిక్ష కేంద్రం కట్టాలని లక్ష్యం పెట్టుకుంది. అందులో ఏళ్ల తరబడి మనుషులు వస్తూ పోతూ ఉంటారు. ఎక్కడ చెమ్మ చేరుతోందో, ఏ గోడకు ఏ రాయి తగిలిందో, ఎక్కడ గాలి కారుతోందో తెలుసుకోవడానికి ఏ సెన్సర్ ఎక్కడ కావాల్సి వస్తుందో ఈ రోజు ఎవరూ పూర్తిగా ఊహించలేరు. షటిల్‌కు ఆ అవసరం ఏడుగురిని పోగొట్టుకున్నాక తెలిసింది, ఏర్పాటు తర్వాత అతికించాల్సి వచ్చింది. మన కేంద్రం డ్రాయింగులు గీసేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. మొదటి మాడ్యూలు గోడల్లోనే, ఇప్పుడు పెట్టే సెన్సర్లు ఎన్నైనా కానివ్వండి, రిసీవర్లకూ యాంటెన్నాలకూ చోటు వదలండి. తర్వాత ఎప్పుడు ఏ సెన్సర్ కావాల్సి వచ్చినా, ఒక వ్యోమగామి దాన్ని జేబులో వేసుకుని వెళ్లి అక్కడ అతికిస్తే సరిపోవాలి.